బావ కొన్న దొరగారి పడవ

1947 నవంబరు 4

విశాఖపట్నం హార్బరు ఇంజనీరు దొర తన దేశానికి వెళ్ళిపోతున్నాడట. పడవ అమ్మేస్తున్నాడట. ఆ పడవే... తెల్లది, తెరచాపది, లోపల గది ఉన్నది. సెలవు దొరికినప్పుడల్లా నేను రైలెక్కి వెళ్ళి గట్టు మీంచి చూసి వస్తున్నదీ దాన్నే.

బావకి చెప్పింది నేనే. భోజనాల దగ్గర నోరు జారాను. సూరిబాబు బావ మజ్జిగ పోసుకుంటున్నవాడల్లా ఆగాడు.

"పడవలో గదుంటాదా? తొంగోవచ్చా?"

పడుకోవచ్చు అన్నాను.

"అయితే సూద్దాం పద."

మార్కెట్లో బెల్లం దిమ్మలు బేరమాడేవాడు అలాగే అంటాడు మరి.

నవంబరు 5

చెల్లెలి మొగుడు. ఏమీ అనలేను. స్కూల్లో ఇంగ్లీషు పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నవంబరు 9

హార్బరు. బావకి ఇంగ్లీషు రాదు, దొరకి తెలుగు రాదు. మధ్యలో నేను.

దొర ముందు నాకే చెయ్యిచ్చాడు. కొనేది నేననుకున్నాడు. కాదని చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు.

అన్నీ చూపించాడు. అడుగు పలకలు ఎత్తి చూపించాడు. కింద చుక్క నీరు లేదు. తెరచాపలు పట్టుచీరల్లా మడత. ఇత్తడి మేకులు మెరుస్తున్నాయి. ఏటా ఒడ్డుకి లాగించి, అడుగంతా గీకి, తనూ భార్యా కూర్చుని రంగు వేసేవారట. "మీకు నడపడం వచ్చా?" అని అడిగాడు. కొండకర్ల ఆవ నీళ్ళలో రెండు తాటిదోనెలు కలిపి కట్టి, దుప్పటి తెరచాపగా ఎత్తి తిరిగేవాణ్ణని చెప్పాను. దొర పకపకా నవ్వి చుక్కాని నా చేతిలో పెట్టాడు. నున్నటి కర్ర... అరచేతికి సరిగ్గా సరిపోయింది.

వెనకనుంచి బావ — "ఏటంతన్నాడు? నాకూ సెప్పు బావా."

అప్పుడు చెప్పక తప్పలేదు, కొనేది ఇతనని. దొర మొహం మారింది. బావని కిందనించి పైదాకా చూసి, "ఇతను దీన్ని బాగా చూసుకుంటాడా?" అన్నాడు ఇంగ్లీషులో.

"ఏటడిగేడు?"

"నచ్చిందా అంటున్నాడు."

"శానా నచ్చిందని సెప్పు. అలగే సెప్పు."

నాకు తెలియదు, అని చెప్పాను దొరకి.

తిరిగి వచ్చేముందు బొటనవేలితో పలకలన్నీ నొక్కి చూశాను. ఒక్కటి పుచ్చి ఉంటే చాలు, బావకి చూపించేవాణ్ణి. ఒక్కటీ లేదు.

నవంబరు 10

అయినా దొర బావకే అమ్మేశాడు. ఒకటే షరతు. తను ఓడ ఎక్కేదాకా ఆదివారాలు వచ్చి బావ నడపడం నేర్చుకోవాలి. బావ సరే అన్నాడు.

బెల్లం దిమ్మ వాసన చూసి రకం చెప్పే మనిషి. సముద్రం ఏం తెలుస్తుంది? కొంచెం హాయిగా ఉంది ఇవాళ.

నవంబరు 16

వాంతులు. నాకు.

హార్బరు ముఖద్వారం దాటామో లేదో కడుపులోదంతా పైకి వచ్చింది. పడవల మీద చదివిన పుస్తకాలన్నీ దాంతోపాటే పోయాయి. బావ నా వీపు రాస్తూ — "ఇటు ఒంగు బావా, గాలికి ఎదర కాదు." సముద్రం ఎక్కి గంట కాలేదు, నాకు చెబుతున్నాడు.

నవంబరు 23

వాళ్ళిద్దరికీ నేను అక్కర్లేదు. దొర చెయ్యి ఊపితే బావ తాడు వదులుతాడు. బావ తెరచాప కేసి చూడనే చూడడు, చెవికి తగిలే గాలిని బట్టి చుక్కాని తిప్పుతాడు.

దొర నాతో — చేతుల్లో ఉంది ఇతనికి, పుట్టుకతో వచ్చింది, అన్నాడు.

"ఏటన్నాడు?"

ఉన్నది ఉన్నట్టే చెప్పాను. బావ సిగ్గుపడ్డాడు.

నవంబరు 30

జ్వరమని వెళ్ళలేదు. మా ఆవిడ సుభద్ర నా నుదురు ముట్టుకుని చూసింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

డిసెంబరు 7

దొర వెళ్ళిపోయాడు. ఓడ కదులుతుంటే బావ ఏడ్చాడట.

మార్కెట్టుకి సరిగ్గా రావడం లేదు బావ. పడవకి వార్నీషు తనే వేస్తున్నాడు. గోళ్ళ సందుల్లో గోధుమరంగు. నేను ఇంతకంటే బాగా చూసుకునేవాణ్ణా? తప్పకుండా. ఏమో.

సుభద్ర వడ్డిస్తూ — "సూరిబాబన్నయ్య మొగం ఎంత కళొచ్చిందో సూసేరా?"

చెయ్యి కడిగేసుకున్నాను.

డిసెంబరు 14

బావ పడవ మీద కాకినాడ దాకా వెళ్తాడట. మా చెల్లెలు రవణని, హార్బరులో పనిచేసే ఒక జాలరిని వెంట తీసుకుని. నన్నూ రమ్మన్నాడు. పరీక్ష పేపర్లు దిద్దాలన్నాను.

"ఎనక గాలే బావా. వాంతులవ్వవు."

ఎగతాళి లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

డిసెంబరు 20

పొద్దున్నే బయలుదేరారు. నేను వెళ్ళలేదు.

డిసెంబరు 22

నిన్న సాయంత్రం నుంచి ఒకటే గాలి. స్కూలు మీద పెంకులు లేచిపోయాయి. చెరకు తోటలు పడుకున్నాయి. వాళ్ళు నిన్నే కాకినాడ చేరాలి. కబురు లేదు.

అమ్మ — "అయ్యన్నీ సదివేవు కదరా, సెప్పు. దానికేటీ కాదు కదా?"

కాదన్నాను.

ఇక్కడ అబద్ధం రాయకూడదు. గాలి లేచిందనగానే నాలో మొదట లేచింది భయం కాదు. ఇప్పుడు తెలుస్తుంది అతగాడికి — అనిపించింది. రవణ కూడా అందులో ఉందన్నది ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆ తర్వాత.

డిసెంబరు 23

కబురు లేదు. అమ్మ అన్నం ముట్టలేదు. నేను తిన్నాను.

డిసెంబరు 24

రవణ వచ్చింది! స్టేషన్లో బండి దిగి నడుచుకుంటూ వచ్చేసింది. మొహం మాడిపోయింది, పెదాలు పగిలాయి, జుట్టు తాళ్ళు కట్టింది. నవ్వుతోంది. అమ్మ దాని వీపు మీద కొడుతూ ఏడుస్తోంది.

"ఒడ్డుకి దగ్గరుంటే కొట్టేత్తాదని ఆయన నడిసముద్రంలోకే పోనిచ్చేరు అన్నియ్యా. చిన్న తెరసాప ఒక్కటే ఉంచేరు. చుక్కాని వొదల్లేదు. నేను గదిలో కాళ్ళు తన్నిపెట్టుకుని కాఫీ కాసేను. లోనికి ఒక్క సుక్క రాలేదు తెలుసా? దొర ఎంత గట్టిగా సూసుకున్నాడో పడవని!"

చెల్లెలి కళ్ళలో అలాంటి వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. దాని కోసమే అనుకున్నారు అందరూ. సగం దాని కోసమే.

రవణ కళ్ళు తుడుచుకుంటూ అంది — "తిరిగొచ్చీటప్పుడు ఎదురుగాలట. దొర ఇచ్చిన సముద్రం పటాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. సదివి దారి సెప్పీవోడు కావాలి, మీ అన్నియ్యయితేనే అన్నారు. కాకినాడలో నీకోసం సూత్తన్నారు."

డిసెంబరు 26

స్కూలుకి సెలవులు. పేపర్లు దిద్దేశాను. చెప్పడానికి సాకు మిగల్లేదు.

నిజంగా నేను కావాలా అతనికి? జాలరికి ఆ తీరమంతా కొట్టినపిండి. పటం లేకపోయినా వచ్చేస్తారు. అవసరమైతే వెళ్తాను. జాలిపడి పిలిస్తే మాత్రం... ఎదురుగాలిలో వాంతులు చేసుకుంటూ, అతని చెయ్యి నా వీపు మీద...

సుభద్ర అడక్కుండానే నా బట్టలు సంచిలో సర్దింది. గుమ్మంలో పెట్టి, నా పక్కన కూచుంది.

"ఒక మాటడగనా? ఆ పడవ మీకు కావాలా, అన్నయ్యకి లేకపోతే సాలా?"

కోపం రాలేదు నాకు. సుభద్ర లోపలికి వెళ్ళిపోయింది.

బండికి వేళవుతోంది. చెప్పులు వేసుకున్నాను. మళ్ళీ విప్పి, ఇది రాస్తున్నాను.