కంప అడ్డం ఉన్న ఇళ్ళు

కేప్‌టౌన్,
8 ఫిబ్రవరి 2004

నాగమణికి,

ఎట్లున్నావు? నేను బాగున్నాను. హనోయ్‌లో ఆరు వారాలు ముగించుకుని ఈ ఊరు చేరి పది రోజులైంది. ఇక్కడి నుంచి సావోపాలో, ఆ తర్వాత ఇంటికి. పట్నాల్లో పేదలు ఎట్లా బతుకుతున్నారో, వాళ్ళకు ఇళ్ళు ఎట్లా వస్తున్నాయో చూడడమే మా చదువు. ఒక్కో ఊళ్ళో ఒక్కో కుటుంబంతో ఉంచుతారు. ఇక్కడ నేను ఉంటున్న ఇంటామె పేరు నోమ్సా. రేకుల ఇల్లు. పొద్దున్నే రెండు బస్సులు మారి ఇళ్ళలో పనికి పోతుంది. నేను తెచ్చుకున్న ఎర్రకారం సగం ఆమే తినేసింది.

మన కాలువగట్టు గుడిసెల సర్వే రిపోర్టు చూసే నన్ను ఈ చదువుకు తీసుకున్నారని నీకు తెలుసు. చివరి ఊళ్ళో ప్రతి ఒక్కరూ తమ ఊరి పని గురించి గంటసేపు మాట్లాడాలి. నా పేరు కింద ‘నంద్యాల: ఒక్క ఇల్లు కూడా వదలని లెక్క’ అని అచ్చు వేశారు. ఆ మాట రిపోర్టులో నేను రాసిందే. అది చూసినప్పటి నుంచి నీకు రాయాలని కూర్చోవడం, లేవడం.

ఏసమ్మ ఎక్కడుందో నీకేమైనా తెలుసా?

కృపావతి


సావోపాలో,
21 మార్చి 2004

నాగమణీ,

ఏసమ్మ ఆళ్ళగడ్డలో తమ్ముడి ఇంటి పక్కన ఉందని రాశావు. మా ఊరికే చేరిందన్నమాట. ఇక దాచుకునేది లేదు.

ఇక్కడ ఒక పేటలో జనం తమ ఇళ్ళను తామే లెక్కపెట్టుకున్నారు. ఆదివారం సాయంత్రం మాత్రమే లెక్కపెట్టారట. ఎందుకని మాలో ఒకరు అడిగారు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది అక్కడి పెద్దామె. ‘మిగతా రోజుల్లో మేము పనికి పోతాం కదా’ అంది. అందరూ నవ్వారు. నేను నోటుపుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను.

తొంభై ఏడులో మనిద్దరం కాలువకు చెరో గట్టు పంచుకున్నాం. నువ్వు పొద్దుగూకాక మళ్ళీ పోయి రాసుకొచ్చావు. నేను పోలేదు. నా గట్టున పదకొండు గుడిసెలకు ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంది. తలుపు లేని గుడిసెకు కంప అడ్డం పెట్టారంటే కూలికి పోయారని, చీకటి పడేలోగా వస్తారని అర్థం. అది నాకు తెలియక కాదు. మా అమ్మ శనగచేలకు పోతూ రోజూ పెట్టిపోయేది. బడి నుంచి వచ్చి ఆ కంప తీసేది నేనే. అయినా పదకొండింటికీ ‘ఖాళీ’ అని రాశాను. ఇవ్వడానికి ఉన్న ఇళ్ళ స్థలాలు నూట నలభై. నూట యాభై ఒకటని రాస్తే లిస్టు వెనక్కి వస్తుందని, పని చేతకాలేదంటారని మన ఆఫీసు సారు అన్నాడు. నాకు ఆ ఉద్యోగం కావాలి. ‘అవి నిజంగా ఖాళీనేనామ్మే?’ అని నువ్వు అడిగితే ‘ఖాళీనే’ అన్నాను.

నెల తర్వాత ఏసమ్మ ఆఫీసుకు వచ్చింది. నువ్వూ ఉన్నావు.

"నా గుడిసె ఖాళీ అని రాసినారంట. పత్తి యేరను పోయింటి పాపా. కంప పెట్టే పోతి గదా!"

"కంప సంగతి మాకేం తెలుసమ్మా" అన్నాను.

ఆమె నా చెప్పుల వైపు, చేతిలో ఫైలు వైపు చూసింది. "పట్నం పిల్లవి, నీకెట్ల తెలుస్తాది" అని వెళ్ళిపోయింది. నేను ఆళ్ళగడ్డ పిల్లనని చెప్పలేదు. మొదట రాసిన మాట కంటే ఈ చెప్పని మాట ఎక్కువ బాధపెడుతోంది.

మే పన్నెండున నేను మాట్లాడాలి. పదకొండు ఇళ్ళ సంగతి చెబుతాను. ఈ చదువుకు పనికిరానని పంపేస్తే పంపేయనీ. కానీ ముక్కూ మొహం తెలియని వాళ్ళ కంటే ముందు ఏసమ్మ వినాలి. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు. ఏమన్నా సరే, మార్చకుండా రాయి.

కృప


నంద్యాల,
18 ఏప్రిల్ 2004

కృపకు,

నీ ఉత్తరం అందిన తర్వాత నాలుగు రోజులు నేనే తేరుకోలేదు. ఏడేళ్ళుగా ఎవరైనా ఆ సర్వే మాట ఎత్తితే, కృప అట్లాంటిది కాదని నీ తరఫున కొట్లాడాను. అది తర్వాత మాట్లాడుకుందాం.

ఆదివారం పోవాల్సింది, ఆగలేక శనివారమే పోయాను. ఏసమ్మ గుడిసెకు కంప అడ్డం ఉంది. అరుగు మీద కూర్చున్నాను. పొద్దుగూకేటప్పుడు మిరపకాయలు కోసి వచ్చింది. నీళ్ళిచ్చింది. ఉత్తరం చదివాను. మధ్యలో ఒక్కసారే ఆపింది.

"ఆళ్ళగడ్డ పాపనా?"

"అవును."

"కంప సంగతి తెలుసునా ఆ పాపకు?"

"తెలుసు."

చేతులకు మిరప మంట, చీరకు తుడుచుకుంటూనే ఉంది. తర్వాత అంది:

"తెలీక రాసింది, ఆ పాపను క్షమించు ప్రభువా అని ప్రార్థన చేసింటి. ఒకతూరి గాదు. ఇప్పుడు ఆ ప్రార్థన యాడ పెట్టుకోను నేను?"

నువ్వు అక్కడి వాళ్ళ ముందు చెప్పాలా వద్దా అని కూడా అడిగాను. "ఆడ జెప్తే నాకేం వొస్తాది? చెప్పుకోనీ" అంది.

ఆఖరి బస్సుకు లేచాను. చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి పిలిచింది.

"ఆ పాపను రమ్మను. పొద్దున రావద్దను, కూలికి పోతా. కంప అడ్డముంటే ఆన్నే కూచోమను. సాయంత్రానికి వస్తా."

మార్చకుండా రాశాను.

నాగమణి