పక్కచూపులు

అమ్మకు,

నమస్కారాలు. నేనిక్కడ కులాసా. నువ్వూ నాన్నా చెల్లీ కూడా కులాసాగా ఉన్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నాను. దుప్పటి సరిపోతోంది. ఇక, గణితంలో ఏ ఐచ్ఛికం తీసుకున్నావని అడిగావు. ఒక్కదానికే చోటుంది, పోటీ రెంటి మధ్య. ఒకటి కంప్యూటర్ మీద లెక్కలు కట్టే న్యూమరికల్ మెథడ్స్. రెండోది సమూహ సిద్ధాంతం. ఇందులో అంతా సౌష్ఠవం గురించే. ఆ మాట ఒకసారి పైకి అని చూడమ్మా, నోరు నిండిపోతుంది! మన నలుచదరపు బల్లను పావు వంతు తిప్పినా తిప్పనట్టే ఉంటుంది కదా, అదీ సౌష్ఠవం.

నేను రెండోదే రాసిచ్చాను. లెక్కల మాస్టారికి కోపం వచ్చింది.

"ఫిజిక్స్‌లో పై చదువుకి పోయేవాడివి, మొదటిది వదిలేస్తావేంటయ్యా? ల్యాబులవాళ్లు ముందు అదే అడుగుతారు!"

"ఇదైతే కళ్లు మూసుకుని చేసుకోవచ్చు సార్," అన్నాను.

"క్లాసులో చేస్తున్నది అదేగా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పోయిన పరీక్షలో మార్కులు తగ్గాయి. లెక్క వచ్చు, మైనస్‌లే పోయాయి. "మైనస్‌లు నంజుకు తింటున్నావా?" అని మాస్టారు పేపరు మీద రాశారు. నా గదిలో ఉండేవాడిదీ ఒకటే గోల. "నాతో మాట్లాడుతూ గోడకేసి చూస్తావేంట్రా? పక్కచూపులు బాగా నేర్చావు, ఎవర్రా ఆ అమ్మాయి?" అంటాడు. అమ్మాయీ లేదు, ఎవరూ లేరు.

అక్షరాలు ఇంత లావుగా రాస్తావేం, ఇంకు దండగ అన్నావు. ఆ సంగతే ఇందాకటి నుంచీ దాటేస్తున్నాను.

బోర్డు మీద మైనస్‌ను సూటిగా చూస్తే కనపడదమ్మా. పక్కనున్న అంకెను చూస్తే మళ్లీ వస్తుంది. మొదట కుడికన్నే. ఇప్పుడు ఎడమ కన్ను కూడా మొదలుపెట్టింది. సౌష్ఠవం! అందుకే బుర్రలో మోసుకుపోగలిగే లెక్కను ఎంచుకున్నాను.

కళ్ల డాక్టరు అద్దాలు మార్చి మార్చి చూసి, "ఇది అద్దాలతో పోయేది కాదు," అన్నాడు. "మీ అమ్మగారి వైపు ఎవరికైనా ఇలా ఉందా?" అని అడిగాడు. తెలియదన్నాను. కనుక్కుని రమ్మన్నాడు.

మెట్లు దిగుతుంటే మామయ్య గుర్తొచ్చాడు. గడియారాలు బాగుచేసే మనిషి ఉన్నట్టుండి పని ఎందుకు మానేశాడని అడిగితే, "వాడికి ఓపిక పోయింది," అనేదానివి. ఆయన ఎప్పుడూ నా భుజం మీదుగా గోడతో మాట్లాడేవాడు. నేనంటే ఇష్టం లేదేమో అనుకునేవాణ్ణి.

అమ్మా, మీ తమ్ముడికి కూడా ముందు ఒక కన్నేనా? ఆ తర్వాత ఎంతవరకు మిగిలింది? ఓపిక సంగతి మాత్రం రాయకు.

నాన్నకు ఇప్పుడే చెప్పొద్దు. జవాబు తొందరగా రాయి. అక్షరాలు లావుగా రాయి, ఇంకు దండగని చూడకు.

ఇట్లు,
నీ పెద్దోడు