పక్క సీటులో పది రోజులు

జూన్ 3, సోమవారం. మధ్యాహ్నం 12:40

కొత్త డైరీ, కొత్త పెన్ను, కొత్త నేను.

ఈ రోజు ఆస్పత్రిలో డాక్టరమ్మ మా ఆవిడకి అంతా విడమరిచి చెప్పారు. ఎడమ రొమ్ములో గడ్డ. క్యాన్సరే, కానీ తొందరగానే బయటపడింది. దారులు రెండు. గడ్డ వరకే తీసి, తర్వాత మూడు వారాలు రోజూ రేడియేషన్. లేదా రొమ్ము మొత్తం తీసెయ్యడం, అప్పుడు బహుశా రేడియేషన్ అక్కర్లేదు. ఆవిడ ప్రాణానికి రెండూ ఒకే భరోసా అట.

"మొత్తం తీసెయ్యండి," అన్నాను. నాలుగు సెకన్లు పట్టింది నాకు.

"నేనడిగింది ఆవిడనండీ," అన్నారు డాక్టరమ్మ. "పది రోజులు ఆగితే కొంపేం మునగదు. ఆవిడకి ఏది ముఖ్యమో ఆలోచించుకుని రానివ్వండి. అప్పుడు కలిసి తేల్చుకుందాం."

అందుకని ప్రతిజ్ఞ: పదమూడో తారీఖు దాకా ఈ విషయంలో నోరు విప్పను. సలహా లేదు, సైగ లేదు, నిట్టూర్పు కూడా లేదు. ఇరవై రెండేళ్లుగా కారు పక్క సీటులో కూర్చుని, స్టీరింగ్ పట్టడం రానివాళ్ల చేతుల్లో ప్రాణం పెట్టి డ్రైవింగ్ నేర్పుతున్నవాణ్ని. ఇదో లెక్కా?

జూన్ 4, మంగళవారం

ఉదయం 7:15. దివ్యంగా సాగుతోంది. ఆవిడ కాఫీ తాగుతూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ఏంటి ఆలోచిస్తున్నావ్?" అని కూడా అడగలేదు.

సాయంత్రం 6:00. ఆవిడ లైబ్రరీ నుంచి వచ్చింది. అక్కడ చిరిగిన పుస్తకాలు కుట్టి, అట్టలు వేస్తుంది. "ఏమండీ, ఒంట్లో బాగాలేదా? అలికిడి లేదు," అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నా అంత మంచి మొగుడు దొరకడు.

జూన్ 6, గురువారం

ఉదయం 8:00. ఆస్పత్రిలో ఇచ్చిన చిన్న పుస్తకం టేబుల్ మీద తెరిచి పెట్టాను. అనుకోకుండా ఏడో పేజీ వచ్చింది. మొత్తం తీసే ఆపరేషన్ గురించి ఉండేది అందులోనే. పుస్తకానికి నోరుండదు కాబట్టి నియమం చెడలేదు.

8:20. ఆవిడ మూడో పేజీకి తిప్పింది.

8:25. గాలికి మళ్లీ ఏడో పేజీ వచ్చింది. గాలి నేనే.

జూన్ 8, శనివారం. ఉదయం 10:30

ఈ మధ్య నా దగ్గర నేర్చుకుంటున్నది రిటైరైన పళ్ళ డాక్టరు గారు. ఆ మేడమ్ నడుపుతుంటే, మా ఆవిడ వెనక సీటులో కూర్చుంది, లైబ్రరీ దగ్గర దిగడానికి.

"మేడమ్, ముందు రెండు దారులున్నాయనుకోండి. ఒకటి ఒక్క మలుపులో అయిపోతుంది. రెండోదానిలో మూడు వారాలు తిరగాలి. మీరైతే ఏది పడతారు?" అన్నాను.

"మూడు వారాలా? ఏ ఊరికి బాబూ?"

వెనక నుంచి మా ఆవిడ, "మేడమ్, మీరు అద్దంలో చూసుకుని నడపండి," అంది.

ఇది సలహా కిందికి రాదు. పాఠం.

ఇంకో సంగతి. మా కార్లలో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇంట్లో ఆవిడ ఏదైనా చెప్పబోయినప్పుడల్లా నా కుడికాలు నేలని తొక్కుతోందని ఈ రోజే గమనించాను. రేపటి నుంచి మఠం వేసుకుని కూర్చుంటాను.

జూన్ 10, సోమవారం. సాయంత్రం 5:00

ఇప్పటిదాకా జరిగినవి:

నిట్టూర్పులు తొమ్మిది.

మరదలికి ఫోన్ చేసి, నేను అనవలసినవన్నీ ఆమె చేత అక్కకి చెప్పించడం ఒకటి. (నోరు నాది కాదు.)

మఠం వేసుకోవడం వల్ల తిమ్మిరి, రెండు కాళ్లకీ.

సరే, నిజం రాస్తాను. నాకు భయంగా ఉంది. ఆ గడ్డ తాలూకు నలుసు కూడా ఆవిడ ఒంట్లో మిగలకూడదు. ఆవిడ లేని ఇంట్లో నేనెవరితో మాట్లాడాలి?

జూన్ 13, గురువారం

10:05. లోపలికి పిలిచారు. ఆవిడ చేతిలో మడతపెట్టిన కాగితం.

"చెప్పండి, మీకు ఏది ముఖ్యం?" అన్నారు డాక్టరమ్మ. ఆవిడ కాగితం మడత విప్పింది.

10:06. "అసలు మా ఆవిడకి ముఖ్యం ఏంటంటేనండీ," అన్నాను.

10:12. ఇంకా నేనే మాట్లాడుతున్నాను.

"మీరొక సాయం చెయ్యాలి," అన్నారు డాక్టరమ్మ. "బయట నీలం కుర్చీ చూశారా?"

"చూశానండీ."

"అందులో కూర్చోండి."

10:13 నుంచి 10:50 దాకా నీలం కుర్చీ.

10:51. మా ఆవిడ తేటపడ్డ ముఖంతో బయటికొచ్చింది. గడ్డ వరకే తీయించుకుంటుందట, రోజూ రేడియేషన్‌కి వస్తుందట. "నాది ఎడమచేతి వాటం కదా, ఆపరేషన్ అయ్యాక ఆ చేత్తో పుస్తకాలు కుట్టగలనా అని అడిగాను. మళ్లీ వస్తే ఏంటో కూడా అడిగాను. అన్నీ విన్నాకే అనుకున్నాను, నా ఒళ్లు నాకు ఇలాగే ఉండాలని."

11:10. కారులో నేను కాస్త ఉక్రోషంగా, "ఈ పది రోజుల్లో నాతో ఒక్క ముక్క అనలేదేం?" అన్నాను.

"గడ్డ చేతికి తగిలిన రోజే చెప్పబోయాను. మీరు చౌరస్తాలో ఎలా తిరగాలో చెప్తున్నారు. మర్నాడు టైర్ల గురించి. నాకు సందు దొరకడానికి పంతొమ్మిది రోజులు పట్టిందండీ."

కోపంగా అనలేదు. సీటు బెల్టు పెట్టుకుంటూ మామూలుగా అంది.

జూన్ 14, శుక్రవారం

ఉదయం 7:00. కొత్త ప్రతిజ్ఞ. రోజూ పంతొమ్మిది నిమిషాలు ఆవిడ మాట్లాడుతుంది, నేను వింటాను.

7:02. "అలా కాదు, అసలు..." అన్నాను.

7:03. మళ్లీ ఒకటో నిమిషం నుంచి.

7:09. "ఆ మెషిన్ కింద ఒక్కదాన్నే పడుకోవాలట. గదిలో ఎవరూ ఉండరట. నాకు భయమేస్తోందండీ," అంది.

నాలుక చివరికి మూడు సలహాలు వచ్చాయి. మూడూ మంచివే. మింగేశాను.

"ఇంకా?" అన్నాను.