పుట్ట దగ్గర తీసిన వీడియో

నాగుల చవితి మరునాడు, రాత్రి

ఆ వీడియో నేనే తీయించానని అమ్మ అనుకుంటోంది. "సదువుకున్నావు కదా, నీ నేస్తాలకి నవ్వుకోడానికి మావే దొరికినామేటే?" అని, జవాబు వినకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

ఎచ్చెర్లలో చదువుకుంటూ నాతో ఒకే గదిలో ఉంటుంది కదా అని శ్వేతని పండక్కి తీసుకొచ్చాను. నువ్వుల చిమ్మిలి అడిగి మరీ పెట్టించుకుంది. చెవులకి పుట్టమన్ను రాస్తానని నాయనమ్మ అంటే తల వంచి రాయించుకుంది. ఆవిడ పుట్టలో పాలు పోసి దండం పెడుతుంటే మాత్రం ఫోన్ తీసింది. ఇవాళ నెట్‌లో నాయనమ్మ ముఖం, వెనక నవ్వుల శబ్దం, కింద "పాముగారికి టిఫిన్" అని రాత.

పాము పాలు తాగదని నాకు తెలుసు. నాయనమ్మకీ తెలుసు. రాత్రిళ్ళు గట్ల మీద తిరిగి నీళ్ళు కట్టే నాన్నని కాటెయ్యొద్దని చెప్పుకోడానికే వెళ్తుంది ఆవిడ.

నిన్ననే తిరిగెళ్ళిపోయిన శ్వేతకి ఫోన్ చేశాను. "జోకే కదే, ఎందుకంత సీరియస్?" అంది. వేరే మతం వాళ్ళ పండగ మీదైతే ఇలా పెడతావా అని అడిగాను.

"అమ్మో, అది సెన్సిటివ్."

మాది కాదన్నమాట. వీడియో తీసెయ్యనంది, బాగా చూస్తున్నారట.

నాయనమ్మ తిట్టలేదు. "ఆ పిల్లకి నానేటి తక్కువ సేసినానే?" అని మాత్రం అడిగింది.

సోమవారం ఎచ్చెర్ల వెళ్ళి ఆ గది ఖాళీ చేస్తాను. అమ్మ నన్ను నమ్మినా, నమ్మకపోయినా. శ్వేతతో ఇక మాట్లాడను.