సింహాల చుట్టూ ఒక రౌండు

7-6-2004
మా పంక్చర్ షాపు ముందరి ఫౌంటెన్‌ను కొట్టేస్తారట. ట్రాఫిక్‌కు అడ్డమట. రోజూ సాయంత్రం నేనూ, టైలర్ వజీరూ ఆ గట్టు మీదే కూర్చుంటాం. అది పోతే ఇద్దరం ఇళ్లలో కూర్చోవాలి. మా ఆడవాళ్లు ఏం పాపం చేశారు?

9-6-2004
కుర్ర ఇంజనీరు వచ్చాడు. దీనికి చరిత్ర ఏమైనా ఉందా అని అడిగాడు. రాణిగారు జలకాలాడేదని చెప్పాను. నడిరోడ్డు మీదా అన్నాడు. అప్పుడు రోడ్డు లేదు సార్ అన్నాను. పోయిన నెల దీని కింద సొరంగముండాదంటివి కదప్పా అని టీకొట్టు రెడ్డెమ్మ అందుకుంది. ఇంజనీరు పెన్ను జేబులో పెట్టుకుని పోయాడు.

వజీర్ ముఖం మాడ్చుకున్నాడు. ఫౌంటెన్ మీది నాలుగు సింహాలు చెక్కింది వాడి తాత. చెరువు నీళ్లు పైపులో వచ్చి వాటి నోళ్లలోంచి పడేవి. సంతరోజు ఎద్దులు తాగేవి. మా చిన్నప్పుడే ఆ నీళ్లు ఆగిపోయాయి. ఇంజనీరుకు ఇదే చెప్పాల్సింది. ఇప్పుడు చెప్పినా నీ పక్కన కూసున్నోని మాట యెవురు నమ్ముతారు మల్లప్పా అన్నాడు.

10-6-2004
నిద్ర పట్టలేదు. దోమలని రాసుకుంటున్నాను.

14-6-2004
ఇంతగా నవ్వి ఎన్నాళ్లయిందో!

తొంభైయొకటిలో సోమల ఊరి రైతొకడు కొత్త ట్రాక్టరుతో వచ్చి గాలి పట్టినందుకు బేరమాడాడు. కొత్త బండిని ఫౌంటెన్ చుట్టూ తిప్పకపోతే టైర్లు నిలవవన్నాను. తిప్పాడు. టెంకాయ కూడా కొట్టాడు. వాణ్ని చూసి ఇంకొకడు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల కొత్త ఆటో అయినా, మోపెడ్ అయినా తిప్పకుండా ఇల్లు చేరదు. మొదట చెప్పింది నేనని ఎవడికీ గుర్తు లేదు.

ఈ రోజు కాంట్రాక్టరు జేసీబీ వచ్చింది. కొత్తది, సీటు కవరు కూడా తీయలేదు. డ్రైవరు గోవిందస్వామిది ఈ పక్కనే కలికిరి. ఏం పడగొట్టాలో వాడికెవరూ చెప్పలేదు. బండికి పసుపు కుంకుమ పెట్టి, ఫౌంటెన్ చుట్టూ తిప్పి, టెంకాయ కొట్టి, పని యాడ సార్ అని అడిగాడు. ఇంజనీరు ఫౌంటెన్‌ను చూపించాడు. ఇప్పుడే కదా సార్ మొక్కినాను, దీన్నే యెట్లా కొట్టేది, నా బండి గతేం గావాల అని తాళంచెవి నడుముకు దోపుకున్నాడు.

రెడ్డెమ్మ చీపురుతో వచ్చి నిలబడింది. వజీరన్న వాళ్ల తాత చెక్కిన సింహాలు, ముట్టుకోండి సూస్తాను అంది. ఇంజనీరు మళ్లీ పెన్ను తీశాడు. ఈసారి వజీర్‌ను అడిగి రాసుకున్నాడు. అంతసేపూ నేను నోరు మూసుకున్నాను. చాలా కష్టం.

2-8-2004
రోడ్డే పక్కకు జరిగింది. వజీర్ తాత పేరుతో బోర్డు పెట్టారు. రాణిగారి ఊసే లేదు.

19-9-2004
సెకండ్‌హ్యాండ్ మోపెడ్ కొన్నాను. తెల్లవారుజామున, ఎవరూ లేరనుకుని ఒక రౌండు తిప్పాను. వజీర్ గట్టు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో టెంకాయతో.