ఎదురొచ్చేవాడికి ఎదురెవరు?

నవంబర్ 3, సోమవారం

నోటీసు పెట్టారు. ఆరో సెమిస్టర్‌లో క్లాసుల్లేవు, అంతా ఇంటర్న్‌షిప్పే. డిసెంబర్ 20 లోపు ఏదో ఒక కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ తేవాలి. తేనివాడి సెమిస్టర్ పోయినట్టే. వచ్చే ఏడాది జూనియర్ల పక్కన కూర్చోవాలి. కంపెనీలు ఎవరు చూపిస్తారండీ అని ప్లేస్‌మెంట్లు చూసే సాంబమూర్తి సార్‌ని అడిగాం. మీ కాళ్లు చూపిస్తాయి, తిరగండి అన్నారు.

సొంత షాపు పేరుమీద లెటర్ తెచ్చేద్దాం అనుకునేవాళ్లకి కూడా ఒక మాట చెప్పారు. పోయినేడు ఒకడు వాళ్ల బాబాయి టిఫిన్ సెంటర్‌ని ఫుడ్ ప్రాసెసింగ్ యూనిట్ అని రాశాడట. సార్ స్వయంగా వెళ్లి, రెండు ప్లేట్లు ఉప్మా తిని వచ్చి, లెటర్ చించేశారట. ఉప్మా మాత్రం బాగుందన్నారు.

మా నాన్నది పామర్రులో బట్టల షాపు. ఆ దారీ మూసుకుపోయింది.

నవంబర్ 10, సోమవారం

రెజ్యూమే రాశాను. బీకాం కంప్యూటర్స్. ట్యాలీ వచ్చు. ఎక్సెల్ వచ్చీరానట్టు వచ్చు. స్ట్రెంత్స్ అనేచోట గంటసేపు ఆగిపోయి, చివరికి హార్డ్ వర్కింగ్ అని పెట్టాను. సాయంత్రానికి నలభైమంది అదే ఫైలు తీసుకుని పేరు మార్చుకున్నారు. నా రూమ్మేట్ రాంబాబు తన పేరు మార్చాడు గానీ మా నాన్న పేరు అలాగే ఉంచాడు. కాగితాల ప్రకారం వాడిప్పుడు నా తమ్ముడు.

నవంబర్ 12, బుధవారం

రాంబాబుకి ఇవాళ ఆడిటర్ ఆఫీసులో ఇంటర్వ్యూ. మేం ముగ్గురం, అంటే నేనూ రాంబాబూ చక్రీ, గవర్నర్‌పేటలో పున్నమ్మగారి మేడమీద గదిలో ఉంటాం. మేం పరీక్షకో ముఖ్యమైన పనికో బయల్దేరితే చాలు, కింద ఆవిడ లోపలికెళ్లి తలుపు వేసుకుంటారు. మొగుడు పోయినదాన్ని, నేను ఎదురు రాకూడదు నాయనా అంటారు. మాకెవరికీ ఆ పట్టింపు లేదు. ఆవిడకే ఉంది.

వాడు మెట్లు దిగుతుంటే నేను పాల ప్యాకెట్‌తో గేటులోంచి వస్తున్నాను. ఊరికే ఫైలు తీసి చూశాను. నాన్న పేరు మార్చాడు గానీ ఎక్కడా సంతకం లేదు. మెట్లమీదే పెట్టించాను.

సాయంత్రం ఆఫర్ లెటర్ పట్టుకొచ్చాడు. నువ్వు పాలతో ఎదురొచ్చావురా, అందుకే అన్నాడు. సంతకం సంగతి ఎత్తలేదు.

నవంబర్ 17, సోమవారం

చక్రి ఇంటర్వ్యూ. పొద్దున్నే లేపి ఎదురు రమ్మన్నాడు. పాలు అప్పటికే వచ్చేశాయి. అదే ప్యాకెట్ పట్టుకుని బయటికెళ్లి మళ్లీ లోపలికొచ్చాను. ఫైలు తీస్తే ఫోటోలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. పీకి వేరేది అంటించాను.

విత్తనాల కంపెనీలో వచ్చేసింది. ఇక నా బతుకు నాది కాదు.

నవంబర్ 21, శుక్రవారం

వాట్సాప్‌లో గ్రూపు పెట్టారు. పేరు ‘ఎదురు’. ముప్పై ఒక్కమంది. రాంబాబు మేనేజరు. ఎవరికి ఎప్పుడు ఎదురు రావాలో క్యాలెండర్ వెనక టైముల్తో సహా రాసి గోడకి తగిలించాడు. పావుగంటకొకరు. వాళ్లంతా మా మెట్లెక్కి, దిగుతూ బయల్దేరతారు. నేను గేటులోంచి వస్తాను. ఆపుతాను. సంతకం పెట్టావా, ఫోటో ఉందా, ఆధార్ జిరాక్సు, కాలేజీ రిక్వెస్ట్ లెటర్, చొక్కా బొత్తాం. ఇది అలవాటైపోయింది.

ఆ హడావిడి అంతటికీ పున్నమ్మగారి తలుపు మూసే ఉంటుంది. వంటింటి కిటికీ ఒక రెక్క మాత్రం తెరిచి ఉంటుంది.

నవంబర్ 25, మంగళవారం

రుచిత మా క్లాసే. హాస్టల్ నుంచి ఇక్కడిదాకా వచ్చి బయల్దేరడం కుదరదు, నువ్వే రావాలి అంది. ఏడూ నలభైకి పాల ప్యాకెట్‌తో వాళ్ల హాస్టల్ సందులో అటూ ఇటూ తిరిగాను. వాచ్‌మన్ సొలొమోను పట్టుకున్నాడు. ఎవరి కోసమని అడిగాడు. ఒకమ్మాయికి ఎదురు రావడానికండీ అన్నాను. ఇరవై ఏళ్ల సర్వీసులో ఈ సాకు మాత్రం వినలేదన్నాడు. రుచిత వచ్చి విడిపించింది. తర్వాత సొలొమోను తన ఫోన్ నంబరు రాసిచ్చాడు. వాళ్లబ్బాయికి వచ్చేవారం డ్రైవింగ్ టెస్టట.

నవంబర్ 27, గురువారం

ఇవాళ ఆరుగురు. పాలు విరిగిపోయాయి.

డిసెంబర్ 2, మంగళవారం

నాకు మొదటి ఇంటర్వ్యూ. ఊరి బయట కోల్డ్ స్టోరేజీ ఆఫీసు, తొమ్మిదిన్నరకి. దానికి ముందు ఇద్దరికి ఎదురొస్తానని మాటిచ్చాను. రెండోవాడు తుమ్మాడు. కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, మళ్లీ బయల్దేరదీసేసరికి తొమ్మిది. నేను వెళ్లేసరికి పదింబావు. తీసుకోవాల్సినవాళ్లని తీసేసుకున్నాం బాబూ అన్నారు.

తుమ్మినవాడికి వచ్చింది.

డిసెంబర్ 6, శనివారం

అమ్మ ఫోన్ చేసింది. రెండు ఫైనల్ స్టేజీలో ఉన్నాయని అబద్ధమాడాను. ఏ కంపెనీలని అడిగితే సిగ్నల్ లేదన్నాను. అమ్మ నమ్మలేదు. నా ఎదురు సంగతి ఎవరు చెప్పారో, ఒంగోలు మేనత్త కొడుక్కి కూడా ఎదురు వచ్చి పెట్టమంది.

డిసెంబర్ 9, మంగళవారం

రెండో ఇంటర్వ్యూ. ట్రావెల్స్ కంపెనీ అకౌంట్స్ సెక్షను. ఈసారి అరగంట ముందే వెళ్లాను. మేనేజరు ఫైలు తెరిచి, ఫోటో చూసి, నన్ను చూసి, మళ్లీ ఫోటో చూశారు. అది మా క్లాసు ఫిలిప్ ఫైలు. పొద్దున వాడిది సరిచూసి, వాడి చేతిలో నాది పెట్టి పంపాను. నీ కాగితాలు నువ్వే చూసుకోలేనివాడివి మా లెక్కలేం చూస్తావయ్యా అన్నారు.

ఫిలిప్ ఫోన్‌లో ఉన్న కాపీ చూపించి పని కానిచ్చుకున్నాడు. థాంక్స్ రా, నీ చేతి చలవ అని మెసేజ్ పెట్టాడు.

డిసెంబర్ 13, శనివారం

అరవై నలుగురిలో యాభై ఎనిమిది మందికి వచ్చేశాయి. మిగిలింది ఆరుగురం. సాంబమూర్తి సార్ నన్ను రూముకి పిలిచి తలుపు వేశారు. చీవాట్లే అనుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, సోమవారం నా ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది, ఏడింటికి మా ఇంటివైపు రాగలవా తేజేశ్వర్ అన్నారు.

వెళ్లక చస్తానా.

డిసెంబర్ 16, మంగళవారం

నాకు ఒళ్లు మండుతోంది. గ్రూపులోంచి బయటికొచ్చేశాను. ఊరందరికీ ఎదురొచ్చాను. నాకు నేను ఎదురు వెళ్లలేను కదా!

ఎల్లుండి ఆఖరి అవకాశం. ఇక్కడే గవర్నర్‌పేటలో, మందుల హోల్‌సేల్ ఆఫీసు. నువ్వు రారా అని రాంబాబుని అడిగితే ఆడిటర్ ఏడింటికే రమ్మంటున్నాడన్నాడు. చక్రి సరేనని రిహార్సల్ చేసి, నా మొహంమీదే తుమ్మాడు.

సాయంత్రం మెట్లమీద కూర్చుంటే పున్నమ్మగారు కాఫీ ఇచ్చారు. నా నోటికి వచ్చేసింది. మామ్మగారూ, ఎల్లుండి మీరు ఎదురు రండి అన్నాను. ఆవిడకి కోపమొచ్చింది. బుద్ధుందా నీకు, ఉన్న ఒక్క అవకాశమూ నా మొహం చూసి పోగొట్టుకుంటావా, మీ అమ్మకి నేనేం చెప్పుకోవాలి అన్నారు. ఇంతమందికి ఎదురొచ్చినవాణ్ణి నేను, నాకెవరు రావాలో నేను చెప్తాను కదండీ అన్నాను. గ్లాసు తీసుకుని లోపలికెళ్లి తలుపు వేసుకున్నారు.

మొగుడు పోయిన పదకొండేళ్ల నుంచి ఆవిడ ఆ తలుపు వేసుకుంటూనే ఉన్నారు. నేను అనకూడనిది అన్నానేమో.

డిసెంబర్ 18, గురువారం. ఉదయం 9.10. మందుల ఆఫీసు బెంచీమీద

మెట్లు దిగాను. తలుపు తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. మనసు చివుక్కుమంది. అంతలో గేటు చప్పుడైంది. పున్నమ్మగారు. ఇస్త్రీ చీర, చేతిలో పాల ప్యాకెట్. వీధిలోంచి తిన్నగా నాకు ఎదురొచ్చి ఆగారు.

ఫైలు తియ్ అన్నారు. సంతకం పెట్టావా? ఫోటో నీదేనా? ఆధార్ జిరాక్సు? బొత్తాం? ఒక్కటి తప్పిపోకుండా అన్నీ అడిగారు. ఇన్నాళ్లూ కిటికీ వెనక నిలబడి వింటూ కంఠతా పట్టేశారు. కాలేజీ కాగితం ఏదిరా, గుండ్రటి ముద్ర ఉంటుందే, అది అన్నారు.

అది లేదు. పైన ఇస్త్రీ బట్టల కింద ఉంది. పరిగెత్తి తెచ్చాను. వెనక్కి వెళ్లావు కాబట్టి ఇందాకటిది చెల్లదు, ఉండు అని మళ్లీ వీధిలోకి వెళ్లి, మళ్లీ ఎదురొచ్చారు. రెండోసారి అటూ ఇటూ చూడలేదు. వీధిలో ఇద్దరు ముగ్గురు చూశారు, చూడనీ అని ఆవిడ అనుకున్నారేమో.

పిలుస్తున్నారు.

డిసెంబర్ 18, సాయంత్రం

వచ్చింది!

మేనేజరు బాలశౌరి గారు. ఫైలు తిరగేసి, ఈ వారం కాలేజీ లెటర్ మర్చిపోకుండా తెచ్చినవాడివి నువ్వొక్కడివేనయ్యా అన్నారు. ఓ కట్ట బిల్లులిచ్చి చూడమన్నారు. మూడింటికి సంతకాల్లేవు. చెప్పాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

లెటర్ తిన్నగా తెచ్చి పున్నమ్మగారి చేతిలో పెట్టాను. చదివి చెప్పమన్నారు. చెప్పాను. కింద సంతకం ఉందో లేదో వేలు పెట్టి చూసుకున్నారు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికెళ్లారు. నాకూ ఏడుపొచ్చింది. ఆవిడ తలుపు మాత్రం వేసుకోలేదు.

డిసెంబర్ 19, శుక్రవారం

ఇంకా అయిదుగురు మిగిలారు. రేపు పొద్దున ఆరున్నర నుంచి పున్నమ్మగారికి ఖాళీ లేదట. పాలు నన్ను తెమ్మన్నారు.