మంచం అమ్మొద్దు!

ఏవండీ,

గ్యాసు కట్టేశాను, మీరూ ఓసారి చూడండి. పరుపులు చుట్టి తాళ్ళతో కట్టండి. లారీ రెండోసారి వచ్చినప్పుడు మంచం ఎక్కించండి. తాళంచెవులు పక్కింటి అక్కయ్యకిచ్చి కొత్తింటికి వచ్చెయ్యండి.

అవును, మంచమే! పాతసామాన్ల అతను వస్తే పంపించెయ్యండి. కొత్త పడగ్గదిని మీ జానతో కొలిచారు, మంచాన్ని నేను నా జానతో కొలిచాను. మీ చెయ్యి చేటంత, నాది చెంచా అంత! పట్టదని తేల్చేసి, హాల్లో చాప వేసుకుంటానని నిన్నంతా మూతి ముడుచుకున్నారు. పొద్దున్నే వెళ్ళి గదిని కూడా నా జానతోనే కొలిచొచ్చాను. శుభ్రంగా పడుతుంది! నాకైతే గంతులెయ్యాలనుంది. ఆ ఇంట్లో ఏ మూలనుంచి పిలిచినా వినపడుతుంది, ఇక "వినలేదే" అని తప్పించుకోలేరు.

ఒక్క మాట. ఇకమీదట మనిద్దరికీ గది ఒకటే. కాసేపు చదవనిదే నాకు నిద్ర రాదు, లైటుంటే మీకు రాదు. పుట్టింట్లో మా ఇంటిల్లిపాదికీ ఒకటే గది. నా డిగ్రీ పరీక్షలప్పుడు, చదువురాని మా నాన్న ఎవర్నీ దీపం ఆర్పనివ్వక, తను ముఖం మీద తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు. రాత్రి నన్ను కసిరే ముందు ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.